ఖాకీయా, కాక్‌పిట్టా?

పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ భుజం మీద రెండు నక్షత్రాలు, వాటి పక్కన ఎరుపు-నీలం రిబ్బను ఉంటాయి. ఎయిర్‌లైన్ కెప్టెన్ భుజం మీద నాలుగు పట్టీలు ఉంటాయి. ఇంటర్మీడియట్ చదివే పిల్లల్లో ఈ రెండు యూనిఫాంల మీదా మనసు పడేవాళ్లు చాలామందే. ఒకే కుర్రవాడు నిరుడు ఎస్సై అవుతానని, ఈ ఏడు పైలట్ అవుతానని అనడం ఇళ్లల్లో వినిపించే మాటే. అందులో అర్థం లేకపోలేదు. రెండు ఉద్యోగాలకూ ఒళ్లు దృఢంగా ఉండాలి. రెండింట్లోనూ రాత్రనక పగలనక డ్యూటీ ఉంటుంది. ఒక మనిషి తీసుకునే నిర్ణయం మీద పదిమంది ప్రాణాలు ఆధారపడే సమయాలు రెండుచోట్లా వస్తాయి. అయితే ఆ ఉద్యోగాల దాకా వెళ్లే దారులు వేరు, వాటిలో ఎదురయ్యే అడ్డంకులు వేరు. పోలీసు కొలువుకు వయసు అడ్డం వస్తుంది. విమానానికి డబ్బు, ఆరోగ్యం అడ్డం వస్తాయి. ఏది ఎప్పుడు చేజారుతుందో తెలుసుకోకుండా దిగితే ఒకచోట పొలం పోతుంది, ఇంకోచోట పడుచు వయసు పోతుంది.

ముందు విమానం సంగతి చూడాలి, ఎందుకంటే అక్కడ తొందరపాటుకు చెల్లించే మూల్యం ఎక్కువ. భారతదేశంలో జీతానికి విమానం నడపాలంటే డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాలి. వాడుకలో దాన్ని సీపీఎల్ అంటారు. కనీస వయసు 18 ఏళ్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలి. ఎంపీసీ వాళ్లకు ఇబ్బంది లేదు. బైపీసీ చదివినవాళ్లు మ్యాథ్స్, సీఈసీ చదివినవాళ్లు రెండు సబ్జెక్టులూ ఓపెన్ స్కూల్‌లో రాసి ఆ లోటు పూడ్చుకుంటారు. డిగ్రీ అక్కర్లేదు. ఈ ఒక్క వెసులుబాటే తర్వాత చాలామందికి చిక్కు తెచ్చిపెడుతుంది.

అన్నిటికన్నా ముందు జరగాల్సింది వైద్య పరీక్ష. అందులో క్లాస్-2, క్లాస్-1 అని రెండు మెట్లున్నాయి. శిక్షణ మొదలుపెట్టడానికి క్లాస్-2 సరిపోతుంది, సీపీఎల్ చేతికి రావాలంటే క్లాస్-1 ఉండాలి. గుండె, చెవి, రక్తం, ఊపిరితిత్తులు, కళ్లు అన్నీ చూస్తారు. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరన్న మాట ఊళ్లల్లో ఇప్పటికీ నడుస్తోంది. అది నిజం కాదు. కళ్లజోడు పెట్టుకున్నాక చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే పౌర విమానాలు నడపడానికి అభ్యంతరం లేదు. వైమానిక దళం నియమాలు వేరు, వాటిని వీటితో కలిపేయడం వల్ల పుట్టిన అపోహ అది. రంగులు సరిగా తెలియకపోవడం మాత్రం నిజంగా అడ్డంకే. రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే ఇషిహారా పలకలు చూపించినప్పుడే చాలామందికి తమ కంట్లో లోపం ఉందని మొదటిసారి తెలుస్తుంది. వైద్య పరీక్షకయ్యే ఖర్చు వేలల్లోనే ఉంటుంది, ఫ్లయింగ్ స్కూలు ఫీజు లక్షల్లో ఉంటుంది. క్లాస్-1 చేతికి రాకముందే ఫ్లయింగ్ స్కూలుకు మొదటి వాయిదా కట్టడం ఈ దారిలో జరిగే తప్పులన్నిటిలోకీ పెద్దది. ఏజెంట్లు ఈ మాట ముందుగా చెప్పరు.

తర్వాత రాత పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, విమానపు ఇంజిన్లు, పరికరాల గురించిన టెక్నికల్ పేపర్లు ఉంటాయి. ఒక్కొక్క దాంట్లో 70 శాతం రావాలి. రేడియోలో కంట్రోల్ టవర్‌తో మాట్లాడడానికి వేరే లైసెన్సు, ఇంగ్లిష్ మాట్లాడగలరని ఇంకో ధ్రువీకరణ కావాలి. మెటియరాలజీ పేపర్లో బంగాళాఖాతం వాయుగుండాలు, వేసవి సాయంత్రపు క్యుములోనింబస్ మేఘాలు, ఉత్తరాది శీతాకాలపు పొగమంచు పాఠాలుగా వస్తాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇక్కడ తడబడతారేమోనని తల్లిదండ్రులు భయపడతారు. అడిగేది సాహిత్యపు ఇంగ్లిష్ కాదు, తక్కువ మాటల్లో స్పష్టంగా చెప్పే ఇంగ్లిష్. ఆరు నెలల సాధనతో పట్టుబడుతుంది.

ఎగరాల్సింది మొత్తం 200 గంటలు. అందులో 100 గంటలు విమానానికి తానే కమాండర్‌గా ఉండి నడపాలి. 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్ల దూరం తానే కమాండర్‌గా వెళ్లి, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగిన ప్రయాణం ఒకటి లాగ్‌బుక్‌లో ఉండాలి. రాత్రిపూట ఎగిరిన గంటలు కూడా 5 ఉండాలి. కాగితం మీద ఇదంతా ఏడాదిన్నరలో అయిపోతుంది. నిజంలో వానాకాలం అడ్డొస్తుంది, విమానం మరమ్మతుకు వెళ్తుంది, ఇన్‌స్ట్రక్టరు ఉద్యోగం మారిపోతాడు. రెండేళ్లు, మూడేళ్లు పట్టిన విద్యార్థులు కోకొల్లలు. అందుకే స్కూలు ఎంచుకునేటప్పుడు అద్దాల భవనాన్ని కాదు, ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలెన్ని, ఒక్కో విమానానికి విద్యార్థులెందరు అన్న రెండు లెక్కలు అడగాలి. కేంద్ర ప్రభుత్వం 1985లో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో స్థాపించిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీకి ప్రవేశ పరీక్ష ఉంటుంది. మహారాష్ట్రలోని గోండియాలో మరో పేరున్న సంస్థ ఉంది. హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది.

ఇక డబ్బు. దేశంలో సీపీఎల్ పూర్తయ్యేసరికి సుమారు అర కోటి ఖర్చవుతుంది. దాంతో పని అయిపోదు. ఎయిర్‌లైన్‌లో ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737, ఏటీఆర్ వంటి ఒక నిర్దిష్ట విమానం నడపాలంటే దానికి టైప్ రేటింగ్ కావాలి. సిమ్యులేటర్‌లో జరిగే ఆ శిక్షణకు మరో పది పదిహేను లక్షలు దాటుతుంది. ఎయిర్‌లైన్లే నడిపే క్యాడెట్ కోర్సుల్లో చేరితే మొత్తం కోటి దగ్గరకో, ఆ పైకో వెళ్తుంది. హామీ పథకం కింద తాకట్టు లేకుండా బ్యాంకు ఇచ్చే విద్యారుణం ఏడున్నర లక్షల వరకే. ఆ పైన ఇల్లో పొలమో చూపించాలి.

లైసెన్సు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. ఈ రంగం ఆటుపోట్ల మీద నడుస్తుంది. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. 2020లో కోవిడ్ వల్ల దేశీయ విమానాలు మార్చి 25 నుంచి రెండు నెలలు నేల మీదే ఉన్నాయి. వేల గంటల అనుభవం ఉన్న కెప్టెన్లే జీతం లేని సెలవులో కూర్చున్న రోజులవి, కొత్త లైసెన్సుల వాళ్ల గతి చెప్పక్కర్లేదు. ఆ వెంటనే పరిస్థితి తిరగబడింది. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. ఆ ఆర్డర్ల వార్తలు చదివి కోర్సులో చేరేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. చేరిన రోజు గిరాకీకీ లైసెన్సు చేతికొచ్చే రోజు గిరాకీకీ మధ్య రెండు మూడేళ్ల దూరం ఉంది. అప్పు కట్టే కుటుంబం ఉద్యోగం లేకుండా ఇంకో రెండేళ్లు తట్టుకోగలదా అన్నది అడ్మిషన్ ఫారం నింపకముందు వేసుకోవాల్సిన లెక్క.

పోలీసు కొలువుకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. అక్కడ ఖర్చయ్యేది కాలం. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలో ఉంది, కాబట్టి ఉద్యోగాలు ఎక్కువగా రాష్ట్రాల చేతిలోనే ఉంటాయి. చేరే మెట్లు నాలుగు. ఇంటర్ పాసైనవాళ్లు కానిస్టేబుల్‌గా, డిగ్రీ ఉన్నవాళ్లు ఎస్సైగా రాష్ట్ర పోలీసు నియామక మండలి పరీక్ష ద్వారా చేరతారు. గ్రూప్-1లో నెగ్గినవాళ్లు డీఎస్పీ కావచ్చు. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ గట్టెక్కినవాళ్లు ఐపీఎస్‌కు వెళ్తారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1948లో మౌంట్ ఆబూలో మొదలై, 1975లో హైదరాబాద్‌కు వచ్చింది.

ఎస్సై, కానిస్టేబుల్ నియామకాల్లో ప్రిలిమినరీ రాత పరీక్ష, ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, చివర మళ్లీ రాత పరీక్ష ఉంటాయి. అభ్యర్థులు మధ్యలోని దాన్ని ‘ఈవెంట్స్’ అంటారు. మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి, ఎస్టీ అభ్యర్థులకు సడలింపు ఉంది. మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు ప్రధానం, దానితోపాటు లాంగ్ జంప్ వంటివి ఉంటాయి. ఎత్తు అర సెంటీమీటరు తగ్గి, రాతలో మంచి మార్కులున్నా ఇంటిదారి పట్టినవాళ్లు ప్రతి నియామకంలోనూ కనిపిస్తారు. ఎత్తు కొలుచుకోవడానికి పైసా ఖర్చు లేదు. కోచింగ్‌లో చేరకముందే గోడకు ఆనుకుని నిలబడి చూసుకోవచ్చు.

అసలు చిక్కు నోటిఫికేషన్‌తో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ఎస్సై నోటిఫికేషన్ వచ్చాక మళ్లీ వచ్చింది 2022లో. తెలంగాణలోనూ 2018 తర్వాత 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జనరల్ అభ్యర్థికి ఎస్సై వయోపరిమితి 21 నుంచి 27 ఏళ్లు. నాలుగేళ్లకొక నోటిఫికేషన్ వస్తే ఒక మనిషికి దక్కే ప్రయత్నాలు ఒకటి, మహా అయితే రెండు. ప్రభుత్వాలు అప్పుడప్పుడు వయసు సడలిస్తాయి, కానీ ఆ సడలింపును నమ్ముకుని జీవితం మలుచుకోవడం కుదరదు. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ హాస్టళ్లలో పాతిక దాటిన కుర్రవాళ్లు ఒక గదిలో నలుగురుగా సర్దుకుని, పొద్దున పరుగు, పగలు లైబ్రరీ, రాత్రి మాక్ టెస్టులతో ఏళ్లు గడపడానికి కారణం ఇదే. పైలట్ విద్యార్థి కుటుంబం ఆస్తి కరిగిపోతుంటే, ఇక్కడ సంపాదించాల్సిన ఏళ్లు కరిగిపోతుంటాయి. రెండోది పాస్‌బుక్‌లో కనిపించదు గనక దాన్ని నష్టంగా ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో సంగతి చాలామంది ఆఖర్న తెలుసుకుంటారు. ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారం నింపాలి. కాలేజీ గొడవల్లోనో, ధర్నాలోనో, పండగ ఊరేగింపు తగాదాలోనో పేరు ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కి ఉంటే అక్కడ రాయాలి. కేసు కొట్టేశారు కదా అని దాచిపెడితే, కేసు కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ఇప్పటికీ కొలమానం. చిన్న కేసైతే, నిజం చెబితే, శాఖ విచక్షణతో ఆలోచించే వీలుంది. పైలట్‌కూ ఈ పరీక్ష తప్పదు. విమానాశ్రయం లోపల తిరగడానికి ఇచ్చే ప్రవేశ పాసుకు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది.

ఉద్యోగంలో చేరాక రోజు ఎలా గడుస్తుందన్నది ఎంపికకు అన్నిటికన్నా ముఖ్యం. సినిమాల్లో పోలీసు తుపాకీ పట్టుకుంటాడు. అసలు స్టేషన్‌లో అతని చేతిలో ఎక్కువసేపు ఉండేది పెన్ను. రాత్రి పదకొండు గంటలకు దెబ్బలు తిన్న మహిళ ఒకామె అన్నను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వస్తుంది. ఆమె మాటలో ముందుది వెనక, వెనకది ముందు వస్తుంటాయి. మధ్యలో అన్న కలగజేసుకుంటాడు. ఎస్సై ఆ మాటల్లోంచి ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అన్నది విడదీసి రాయించాలి, ఆమెకు చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి. నేరం కేసు పెట్టదగ్గదైతే ఎఫ్‌ఐఆర్ కట్టి, ఒక కాపీ ఉచితంగా ఆమె చేతిలో పెట్టాలి. కానిస్టేబుల్‌ను తోడిచ్చి ఆసుపత్రికి పంపాలి. జనరల్ డైరీలో ఎంట్రీ వేయాలి. ఈలోగా హైవే మీద లారీ బోల్తా పడిందని ఫోన్ వస్తుంది. తెల్లవారితే మంత్రి పర్యటన బందోబస్తు. నిందితుణ్ని అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, రిమాండ్ రిపోర్ట్ సిద్ధం కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాలను వీడియో తీయాలి, ఏడేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఘటనాస్థలానికి ఫోరెన్సిక్ నిపుణులను రప్పించాలి. చార్జిషీట్ వేశాక కూడా కేసు వదలదు. ఎస్సైగా దర్యాప్తు చేసిన కేసులో, సీఐ అయ్యి వేరే జిల్లాలో ఉన్నప్పుడు సమన్లు అందుకుని, పాత కేసు డైరీ తిరగేసుకుని బోనెక్కడం ఈ ఉద్యోగంలో మామూలు విషయం. పంచనామాలో ఏడేళ్ల కిందట రాసిన ఒక్క తప్పు సమయాన్ని పట్టుకుని డిఫెన్స్ లాయరు గంటసేపు ప్రశ్నిస్తాడు.

పైలట్ రోజు అలా ఉండదు. విమానం బయల్దేరడానికి గంట ముందే డ్యూటీకి రిపోర్ట్ చేయాలి. మొదట బ్రెత్ ఎనలైజర్ పరీక్ష. డ్యూటీకి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదన్నది నియమం. మొదటిసారి దొరికితే లైసెన్సు మూడు నెలలు సస్పెండవుతుంది, రెండోసారికి మూడేళ్లు, మూడోసారికి రద్దు. తర్వాత వాతావరణం, గమ్యంలో రన్‌వే పరిస్థితి, ఎంత ఇంధనం నింపాలి, దిగలేకపోతే ఏ విమానాశ్రయానికి మళ్లాలి అన్నవి కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ కలిసి చూస్తారు. ఒకరు విమానం చుట్టూ నడిచి టైర్లు, ఇంజిన్ ముఖద్వారాలు, చమురు కారిన మరకలు పరిశీలిస్తారు. టేకాఫ్ పరుగులో వీ-వన్ అనే వేగం దాటాక ఇంజిన్ ఆగినా ఆగకూడదు, ఎగరాల్సిందే. ఆ వేగం ఎంతో పరుగు మొదలుకాకముందే లెక్కగట్టి ఉంటుంది. అంటే అత్యంత కఠినమైన నిర్ణయం తీరిగ్గా, నేల మీద ఉండగానే తీసుకోవడం జరుగుతుంది. గాల్లో చేసేది దాన్ని అమలు చేయడం. దిగేటప్పుడు వెయ్యి అడుగుల ఎత్తులో వేగం, వాలు, చక్రాలు, ఫ్లాప్స్ అన్నీ సరిగా కుదిరి ఉండాలి. కుదరకపోతే గో-అరౌండ్, అంటే మళ్లీ పైకి లేచి ఇంకోసారి రావాలి. అలా లేచినందుకు పైలట్‌ను తప్పుపట్టకూడదని డీజీసీఏ నియమం. గమ్యంలో ఇంజిన్లు ఆపి, టెక్నికల్ లాగ్‌లో సంతకం పెడితే ఆ ప్రయాణం ముగిసింది. ఇంటికి ఫైలు రాదు.

ఇక్కడే మనిషి తత్త్వం తేలుతుంది. ముందే రాసిపెట్టిన పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా, విసుగు లేకుండా, వెయ్యోసారి కూడా మొదటిసారంత శ్రద్ధగా చేయగలిగినవాళ్లు మంచి పైలట్లవుతారు. అర్ధసత్యాల మధ్య, ఒత్తిళ్ల మధ్య, ఎదుటి మనిషి ఏడుస్తుంటే, అరుస్తుంటే నిదానం కోల్పోకుండా ఒక తీరానికి రాగలిగినవాళ్లు మంచి పోలీసులవుతారు. సాహసం ఇష్టమన్న కారణం ఒక్కటీ రెండింటికీ చాలదు. అసలు సాహసప్రియులను ఎయిర్‌లైన్లు కోరుకోవు.

అధికారం విషయంలోనూ తేడా లోతైనదే. విమానంలో కమాండర్ మాటే చివరిది. వాతావరణం బాగాలేదని అతను వెళ్లనంటే నేల మీదున్న మేనేజరు బలవంతపెట్టి పంపలేడు. ఎస్సై చేతిలో చట్టం పెట్టిన అధికారం చిన్నదేమీ కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎవరిని అరెస్టు చేయాలో, ఎవరికి నోటీసు ఇచ్చి పంపాలో అతను కారణాలు రాసి తేల్చాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. కానీ అతని మీద పైవాళ్ల ఫోన్లు, స్థానిక నాయకుల సిఫార్సులు పనిచేస్తూనే ఉంటాయి. కాదంటే బదిలీ. స్టేషన్ హౌస్ ఆఫీసరుకు కనీసం రెండేళ్లు ఒకేచోట పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు ఆదేశించినా, అది నిక్కచ్చిగా అమలవుతోందని అనుకోవడానికి లేదు. ఈ ఒత్తిడిని భరించి నిటారుగా నిలబడ్డ అధికారులు తెలుగు నేల మీద ఎందరో ఉన్నారు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ పోలీసు దళాన్ని 1989లో తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపారు. ఈ ఉద్యోగం ప్రాణాన్ని కూడా అడగగలదని అటువైపు చూసే కుటుంబం తెలుసుకుని ఉండాలి.

జీతాల పోలికకు వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నోటిఫికేషన్ ప్రకారం ఎస్సై స్కేలు 44,570తో, కానిస్టేబుల్ స్కేలు 25,220తో మొదలవుతుంది. ఐపీఎస్ అధికారి మూలవేతనం 56,100. వీటికి కరువుభత్యం, ఇంటద్దె కలుస్తాయి. ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌కు నెలకు లక్షన్నర నుంచి మొదలై, కెప్టెన్ అయ్యాక ఎన్నో రెట్లు పెరుగుతుంది. కెప్టెన్ కావాలంటే 1500 గంటల అనుభవంతో ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి. పైపైన చూస్తే పోలికే లేదు. అయితే ఎస్సైకి మొదటి నెల జీతం చేతికొచ్చేసరికి అప్పు లేదు. శిక్షణ ఏడాదికి ఫీజు కట్టనక్కర్లేదు. కొత్త పైలట్ తొలి అయిదారేళ్ల జీతంలో పెద్ద వాటా ఈఎంఐలకు పోతుంది. పైగా అతని జీతం ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. ఏటా, వయసు పెరిగాక ఆరు నెలలకోసారి, వైద్య పరీక్ష. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో నైపుణ్య పరీక్ష. నలభై ఏళ్ల వయసులో గుండె జబ్బు తేలితే పోలీసు అధికారిని తేలికపాటి విధుల్లో ఉంచుతారు, పైలట్‌కు లైసెన్సే ఆగిపోతుంది. లైసెన్సు పోయినప్పుడు ఆదుకునే బీమా ఉంది, దాన్ని మొదటి జీతం నుంచే కట్టడం మంచిది. పదవీ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్ పోలీసులకు 62, తెలంగాణలో 61, ఐపీఎస్‌కు 60, పైలట్‌కు 65.

సెలవు, నిద్ర, ఇల్లు ఈ మూడింటిలో పోలీసుకు చట్టం ఇచ్చిన రక్షణ తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వారానికొక సెలవు ప్రకటించారు, కానీ ఎన్నికలు, ఉత్సవాలు, ధర్నాలు వస్తే ముందు పోయేది ఆ సెలవే. సమ్మె చేసే హక్కు లేదు. పైలట్ గంటలకు నియమాలు గట్టిగా ఉన్నాయి. ఏడాదిలో వెయ్యి గంటలకు మించి ఎగరకూడదు. 2025 జులై నుంచి వారానికి 48 గంటల విరామం తప్పనిసరి. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు తగ్గించే నియమాలు 2025 నవంబరులో అమలుకు వచ్చాక, డిసెంబరులో రోస్టర్లకు పైలట్లు చాలక దేశంలో వేల విమానాలు రద్దయ్యాయి. అప్పుడు ప్రయాణికుల అవస్థలే వార్తలయ్యాయి. వాటి వెనక ఉన్నది నిద్ర లేని పైలట్ ప్రమాదమన్న చిన్న నిజం. విరామం ఉన్నా అది పండగ రోజున ఇంట్లో దొరుకుతుందన్న హామీ లేదు. సంక్రాంతికి, దసరాకు విమానాలు కిక్కిరిసి ఉంటాయి. ఉద్యోగం మారాలంటే ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది నోటీసు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన.

ఆడపిల్లలకు రెండు దారులూ ఇదివరకటికన్నా విశాలమయ్యాయి. రెండు తెలుగు రాష్ట్రాల సివిల్ పోలీసు పోస్టుల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది. విమానయానంలో రిజర్వేషన్ లేకపోయినా, భారతదేశ పైలట్లలో మహిళలు దాదాపు 15 శాతం, ప్రపంచ సగటుకు అది రెండింతలకు పైనే. ఈ చరిత్రకు హైదరాబాద్‌తో సంబంధం ఉంది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు మిగతా సంస్థలు కాదన్నప్పుడు ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్ కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్.

ఈ రెండు ఉద్యోగాలు నిజంగా ఎదురుపడేది విమానం తలుపు దగ్గర. గాల్లో ఒక ప్రయాణికుడు సిబ్బంది మీద చెయ్యి చేసుకున్నాడనుకుంటే, అతణ్ని అదుపులో పెట్టించే అధికారం కమాండర్‌కు ఉంది. 1963 నాటి టోక్యో ఒప్పందం ఆ అధికారాన్ని అంతర్జాతీయంగా గుర్తించింది. దిగాక అతణ్ని సీఐఎస్ఎఫ్ సిబ్బందికి అప్పగిస్తారు. 1999 డిసెంబరులో ఐసీ-814 హైజాక్ తర్వాత దేశంలోని విమానాశ్రయాల భద్రతను ఒక్కొక్కటిగా తీసుకున్న దళం అది. వాళ్ల నుంచి మనిషి స్థానిక పోలీసుల చేతికి వెళ్తాడు. శంషాబాద్‌లో అయితే ఆర్‌జీఐ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ ఎస్సై ఎఫ్‌ఐఆర్ రాసుకుంటాడు. కెప్టెన్ రెండు పేజీల రిపోర్టు ఇచ్చి తర్వాతి ఫ్లైట్‌కు వెళ్లిపోతాడు, ఎస్సైకి ఆ కేసు అప్పుడే మొదలవుతుంది.

రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్లకు మధ్యలో కొన్ని ఉద్యోగాలు ఉన్నాయి. కేంద్ర సాయుధ పోలీసు దళాల (సీఏపీఎఫ్) కోసం యూపీఎస్సీ నిర్వహించే అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షను 20 నుంచి 25 ఏళ్ల డిగ్రీధారులు రాయవచ్చు. అందులో సీఐఎస్ఎఫ్ వస్తే విమానాశ్రయ భద్రతలో పనిచేసే అవకాశం ఉంటుంది. సరిహద్దు భద్రతా దళానికి 1969 నుంచి సొంత ఎయిర్ వింగ్ ఉంది, అయితే కొత్త సీపీఎల్‌తో నేరుగా దొరికే ఉద్యోగం కాదది. క్లాస్-1 దగ్గర ఆగిపోయినవాళ్లకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ మంచి దారి. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీగానీ ఇంజినీరింగ్‌గానీ చదివి, 27 ఏళ్ల లోపు ఉన్నవాళ్లు దానికి అర్హులు. వైద్య ప్రమాణాలు పైలట్‌కన్నా కాస్త తేలిక.

ఎటూ తేల్చుకోలేని విద్యార్థికి వరస ముఖ్యం. ఇంటర్ అవుతూనే ఎత్తు కొలుచుకోవడం, ఇషిహారా పలకలతో కళ్లు చూపించుకోవడం, క్లాస్-2, క్లాస్-1 వైద్య పరీక్షలు చేయించుకోవడం మొదటి పని. రెండోది డిగ్రీలో చేరడం, దూరవిద్యలో అయినా సరే. పైలట్‌కు డిగ్రీ అక్కర్లేదని చదువు ఆపేసినవాళ్లే మాంద్యం వచ్చినప్పుడు ఎస్సై, గ్రూప్-1, బ్యాంకు పరీక్షలన్నిటికీ దూరమైపోతారు. డిగ్రీ చదువుతూనే డీజీసీఏ రాత పరీక్షలకు ఇంటి దగ్గరుండి చదివి రాయవచ్చు. వాటికి పట్టే ఖర్చు మొత్తం శిక్షణ ఖర్చులో చాలా చిన్న భాగం. నావిగేషన్, మెటియరాలజీ రెండూ పాసయ్యాక కూడా ఎగరాలన్న కోరిక నిలిచి ఉంటే, ఇంటి ఆర్థిక స్థితి అనుమతిస్తే, అప్పుడు ఫ్లయింగ్ స్కూలు వెతకాలి. విమానయానంలో చేరడానికి పై వయోపరిమితి లేదు, ముప్ఫైలో మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. పోలీసు పరీక్షలకు ఆ వెసులుబాటు లేదు. అందుకని రెండూ ఇష్టమైనవాళ్లు 27 ఏళ్ల లోపు వచ్చే ఎస్సై నోటిఫికేషన్‌ను వదులుకోకుండా రాయాలి. ఎస్సైగా చేరి, మూడు నాలుగేళ్లు పనిచేశాక రాజీనామా చేసి ఎగరడానికి వెళ్లవచ్చు, సర్వీసు నిబంధనలు, బాండు షరతులు ముందే చదువుకుంటే చాలు. సీపీఎల్ చేతిలో పెట్టుకుని ముప్ఫై దాటాక పోలీసు అవుదామనుకుంటే మాత్రం జనరల్ అభ్యర్థికి మిగిలేది సివిల్స్ వంటి పై పరీక్షలే. వాటిలో సివిల్స్‌కు 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు పరిమితి.